పరాసు దేశంలో సైకిలు తిరునాళ్ళు

సీరియలు నవల చదివే అలవాటున్నవారికి వారం గడవడమంటే ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. కథానాయిక వణుకుతున్న చేతులతో ఉత్తరం విప్పబోతుంది. సరిగ్గా అక్కడే 'సశేషం' అని వేసి సంపాదకులవారు తప్పుకుంటారు. ఫ్రెంచివారికి ఏటా జూలై మాసంలో ఇటువంటి సీరియలు ఒకటి మూడు వారాలపాటు, వారానికొకసారి కాదు, రోజూ నడుస్తుంది. దానికి కాగితమూ సిరా అక్కరలేదు. కొండల మీదా, పొలాల మధ్యా, పల్లె వీధుల్లోనూ సైకిలు చక్రాలతో రాస్తారు. దాని పేరు 'టూర్ ద ఫ్రాన్స్'.

సీరియలని పోలిక కోసం అనలేదు. ఈ పందెం పుట్టిందే పత్రిక అమ్ముకోవడానికి. 1902లో పారిస్‌లో 'లోటో' అనే క్రీడా దినపత్రిక ప్రత్యర్థి పత్రిక ధాటికి తట్టుకోలేక కిందుమీదులవుతూ ఉండేది. ఒకనాడు భోజనాల దగ్గర లెఫెవ్ర్ అనే కుర్ర విలేఖరి, దేశమంతా చుట్టివచ్చే సైకిలు పందెం పెడదామన్నాడు. సంపాదకుడు దెగ్రాంజ్ మొదట తటపటాయించినా చివరికి ఒప్పుకున్నాడు. 1903లో 60 మంది బయలుదేరి, ఆరు మజిలీల్లో 2,428 కిలోమీటర్లు తొక్కితే చివరిదాకా వచ్చినవారు 21 మంది. పాతికవేలున్న పత్రిక చందా ఆ వేసవికి అరవై అయిదు వేలకు లేచిందట! పందెంలో ముందున్నవాడు పసుపుపచ్చ చొక్కా తొడుక్కుంటాడే, ఆ రంగు కూడా ఆ పత్రిక కాగితపు రంగే.

మజిలీ అన్నమాట ఊరికే వాడలేదు. మన కాశీమజిలీ కథల్లో గురువుగారు శిష్యుణ్ణి నడిపించడానికి మజిలీకొక కథ చెబుతాడు గదా. ఇక్కడా అంతే. మొత్తం మీద 21 మజిలీలు. రోజుకొక ఊరినుంచి మరొక ఊరికి పరుగు, రోజుకొక విజేత, అన్ని రోజుల కాలమూ కూడితే ఎవరిది తక్కువో వాడే చివరి విజేత. దానితో ఒక కథలో పాతిక కథలన్నమాట.

ఈ తిరునాళ్ళను కళ్ళారా చూసే యోగం నాకు 2025 జూలైలో పట్టింది. మా మేనకోడలు భర్తతో టులూజ్ నగరంలో ఉంటుంది. అక్కడి విమానాల కార్ఖానాలో ఆమెకు ఉద్యోగం. కాలేజీకి సెలవులు కలిసివచ్చి నేను వెళ్ళాను. గారోన్ నది ఒడ్డున ఎర్రటి ఇటుక మేడల ఊరు అది. పొద్దువాలేవేళ ఆ ఇటుకల మీద ఎండపడితే ఊరంతా గులాబీ రంగు తిరుగుతుంది. అందుకే దానిని గులాబీ నగరమంటారు.

"మామయ్యా, నువ్వొచ్చిన ముహూర్తం మంచిది. బుధవారంనాడు టూర్ మన ఊరికే వస్తోంది" అన్నది అమ్మాయి.

ఆ బుధవారం జూలై 16. పదకొండవ మజిలీ టులూజ్‌లో బయలుదేరి, చుట్టుపక్కల 157 కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ టులూజ్‌కే చేరుతుంది. ఊరిని ఆనుకుని పెష్ దావీద్ అని ఒక మిట్ట ఉంది. కిలోమీటరైనా లేదు గాని, నిలబెట్టిన నిచ్చెనలా ఉంటుంది. అక్కడైతే సైకిళ్ళు మెల్లగా పోతాయి గనుక ముఖాలు కనబడతాయని మా పొరుగింటి పెద్దావిడ సలహా. డెబ్బయి దాటిన మనిషి. మడతకుర్చీ, నీళ్ళసీసా, గొడుగు పట్టుకుని మాతోపాటే బయలుదేరింది. టిక్కెట్టెంత అని అడిగాను. అమ్మాయి ఆ మాట ఫ్రెంచిలోకి మార్చి చెబితే ఆవిడ పకపకా నవ్వింది. రోడ్డుకు టిక్కెట్టేమిటి అన్నదట!

ముందు ప్రచార వాహనాలు వచ్చాయి. దాదాపు 150 బండ్లుంటాయని చెబుతారు. ఒకదాని మీద కొండంత కోడిపుంజు, ఒకదాని మీద బిస్కట్ల పొట్లం, మరొకదాని మీద సీసా, పాటలు, డాన్సులు. వాటి మీదినుంచి టోపీలు, తాళంచెవి గొలుసులు, తినుబండారాల పొట్లాలు జనం మీదికి విసురుతూ పోతారు. మన ఊరేగింపుల్లో ప్రసాదం కోసం చేతులు చాచినట్లే పిన్నా పెద్దా చేతులు చాచారు. వేలకువేలు జీతాలు తెచ్చుకునే ఇంజనీర్లు అయిదు కాసులు చేయని టోపీ కోసం ఒకరినొకరు తోసుకోవడం చూసి, మనుషులంతా ఒకటేననిపించింది.

ఆ తరువాత సుమారు రెండు గంటలు ఎండలో నిరీక్షణ. దూరాన హెలికాప్టరు చప్పుడైతే చాలు, జనమంతా లేచి నిలబడేవారు. ఎట్టకేలకు వచ్చారు. మోటారు సైకిళ్ళు, హారన్లు, అరుపులు. నోళ్ళు తెరుచుకుని, పళ్ళు బిగబట్టుకుని, చెమటతో మెరిసే ముఖాలు నా మోచేతికి మూరెడు దూరంలో! ఊపిరి చప్పుడు వినబడింది. ఇంతలో ముందు జట్టు దాటిపోయింది. మరికొంతసేపటికి వెనుక గుంపు వచ్చి, అదీ దాటిపోయింది. గంటలు గంటలు కాచుకున్న దర్శనం కొద్ది నిమిషాల్లో సమాప్తం.

అసలు చమత్కారం ఆ తరువాత జరిగింది. మేము నిలుచున్నచోటికి కొద్ది కిలోమీటర్ల అవతల, గమ్యానికి దగ్గరలో, అప్పటికే మూడుసార్లు టూర్ గెలిచిన స్లొవేనియా వీరుడు పొగాచార్ కిందపడ్డాడు. ప్రత్యర్థులు ఆ అదను చూసి పారిపోక అతను లేచి వచ్చేదాకా వేగం తగ్గించుకున్నారు. నెలరోజుల క్రితమే కాలర్ బోను విరగ్గొట్టుకున్న నార్వే యువకుడు అబ్రహామ్‌సెన్, స్విట్జర్లండు దేశస్థుడు ష్మిడ్‌ను వెంట్రుకవాసిలో ఓడించి ఆనాటి మజిలీ గెలుచుకున్నాడు. ఇదంతా మాకెలా తెలిసింది? అమ్మాయి చేతిలోని ఫోనులో! పిలిస్తే పలికేంత దూరంలో జరుగుతున్నదానిని నలుగురం తలలు ఆనించి అరచేయంత తెరమీద చూశాం.

అక్కడినుంచి నన్నొక ప్రశ్న పట్టుకుంది. పందెం ఎక్కడ జరుగుతోంది, రోడ్డు మీదనా, తెరమీదనా?

పాతరోజుల్లో ఈ ప్రశ్నే లేదు. దారిపక్కన నిలబడ్డవాడు క్షణం చూసేవాడు. మిగిలిందంతా మర్నాడు పత్రికలో చదువుకునేవాడు. 1929లో రేడియో వచ్చింది. 1948 జూలై 25న పారిస్‌లోని పార్క్ దె ప్రాన్స్ మైదానంలో పందెం ముగింపును టెలివిజన్ నేరుగా చూపింది. దారి మధ్యనుంచి, ఓబిస్క్ కనుమ మీదినుంచి, నేరుగా చూపడానికి మరి పదేళ్ళు పట్టి 1958 వచ్చింది. 1962లో పందెమంతా చూపుదామనుకుంటే అడ్డుపడ్డవారెవరో తెలుసునా? జిల్లా పత్రికలవారు! జనం ఇంట్లో కూర్చుని చూస్తే తమ పత్రికలు కొనేదెవరని వారి భయం. పత్రిక కన్నబిడ్డను టెలివిజన్ ఎత్తుకుపోతోందని దాయాదుల తగాదా అన్నమాట. ఆ తగాదా తీరి, మరుసటి సంవత్సరంనుంచి పందెం తెరకెక్కింది. 2017నుంచి ప్రతి మజిలీనీ మొదటి అడుగునుంచి చివరి అడుగుదాకా చూపుతున్నారు.

చూపడం మాటలు కాదు. క్రికెట్టు మైదానంలో కెమేరా ఒకచోట పాతితే సరిపోతుంది. ఇక్కడ మైదానమే రోజుకు రెండువందల కిలోమీటర్లు నడుస్తుంది. సైకిళ్ళ పక్కన మోటారు సైకిళ్ళ మీద వెనక్కి తిరిగి కూర్చున్న కెమేరావాళ్ళు, పైన హెలికాప్టర్లు, ఆ పైన మేఘాలకు ఎగువన గిరికీలు కొట్టే విమానాలు. కిందివారు పంపిన బొమ్మలను విమానం అందుకుని గమ్యం దగ్గరి బండ్లలోకి పంపిస్తుంది. లోయలో ఉన్న మోటారు సైకిలుకు కొండలు అడ్డం. ఆకాశానికి అడ్డం లేదు గదా.

జూలై 19 శనివారంనాడు పెద్దావిడ మమ్మల్ని తమ ఇంటికి పిలిచింది. ఆనాటి మజిలీ పిరనీ పర్వతాలలో, పో నగరంనుంచి సూపర్‌బాన్యేర్ శిఖరానికి, 183 కిలోమీటర్లు, నాలుగు పెద్ద కనుమలు. బల్లమీద జున్ను, రొట్టె, నేరేడు పండ్ల వంటి నల్లటి చెర్రీలు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాం. కొండలు రాకపూర్వం గంటలసేపు పందెంలో విశేషమేమీ లేదు. అయినా ఎవరూ లేవరేం? చూడగా చూడగా తెలిసింది. హెలికాప్టరు పందెగాళ్ళను వదిలిపెట్టి ఒక పాత కోట చుట్టూ తిరుగుతుంది, ఒక చర్చి గోపురం చూపుతుంది, నది వంపు చూపుతుంది. వ్యాఖ్యాత ఆ కోట ఎవరు కట్టారో, ఎవరు కూల్చారో చెబుతాడు. పొలాల్లో రైతులు గడ్డిమోపులూ ట్రాక్టర్లూ పేర్చి, పైనుంచి చూసేవారి కోసం బ్రహ్మాండమైన సైకిలు బొమ్మలు కట్టారు. ఈ బొమ్మలకు రైతుసంఘం వారు బహుమతులు కూడా ఇస్తారట. "మా మనవలు భూగోళం బడిలో నేర్చుకోలేదు, దీనిలో నేర్చుకున్నారు" అన్నది ఆవిడ టెలివిజన్ వైపు చెయ్యి చూపుతూ.

టూర్మలే కనుమ వచ్చేసరికి తెరమీద మంచుతెర కమ్మింది. ఆ మసకలోంచే ఫ్రెంచి కుర్రవాడు మార్తినెజ్ శిఖరం దాటాడు. అప్పటికి మూడో స్థానంలో ఉన్న బెల్జియం వీరుడు ఎవెనెపూల్ ఆ ఎక్కుడులోనే చాలించుకుని కారెక్కాడు. సాయంత్రానికి డచ్చివాడు ఆరెన్స్‌మన్ ఒంటరిగా శిఖరం చేరాడు. రోడ్డుమీద నిలబడి కొద్ది నిమిషాలు చూసిన నేను తెరమీద నాలుగు గంటలు చూశాను. పందెం అర్థమైంది తెరమీదనేనని ఒప్పుకోక తప్పదు.

రెండు రోజుల తరువాత పందెగాళ్ళకు విశ్రాంతి దినం. మేము కారు కట్టుకుని ఆ కనుమకే వెళ్ళాం. కొండ మొదట్లో సెంత్ మరీ ద కంపాన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ క్రిస్తోఫ్ అనే పందెగాడి విగ్రహం చూశాను. 1913లో గెలుపు చేతిదాకా వచ్చిన సమయాన కనుమ దిగుతుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగింది. బండి మార్చకూడదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. అవి ఆనాటి నిబంధనలు. సైకిలు భుజాన వేసుకుని పదికిలోమీటర్లకు పైగా నడిచి ఈ పల్లెలోని కమ్మరి కొలిమికి చేరాడు. అధికారులు కాపలా కాస్తూండగా తన చేత్తోనే ఇనుము కాల్చి, సాగగొట్టి, ఫోర్కు అతికించుకున్నాడు. అయితే తిత్తి ఊదింది ఒక కుర్రవాడని కనిపెట్టి అతనికి జరిమానా కూడా వేశారు! 1919లో పసుపుపచ్చ చొక్కా ప్రవేశపెట్టినప్పుడు దానిని మొట్టమొదట తొడుక్కున్నది ఈ క్రిస్తోఫే. ఆ ఏడూ ఫోర్కు విరిగింది. ఆ ఏడూ ఓడిపోయాడు. టూర్ ఎన్నడూ గెలవని ఆయనకు ఊళ్ళో విగ్రహం ఉంది. ఆ కొలిమి దగ్గర కెమేరా లేదు. పత్రికలు రాశాయి, జనం చెప్పుకున్నారు, అంతే. నూరేళ్ళ పైచిలుకు నిలవడానికి అదే చాలింది.

పైకి వెళ్ళేకొద్దీ రోడ్డంతా సున్నంతో రాసిన పేర్లే. శిఖరం 2,115 మీటర్ల ఎత్తు. అక్కడ గొర్రెలు, చలిగాలి, ఆయాసపడుతూ సైకిలు తొక్కే ఒక పెద్ద లోహవిగ్రహం. 1910లో ఈ కనుమను మొదట దాటిన లాపీజ్ స్మారకమది. ఆయనను దాటించిన కథ ఇంకా బాగుంది. ఆ ఏడు దారి వెదకడానికి స్తైనెస్ అనే ఉద్యోగిని పంపారు. అతని కారు మంచులో దిగబడింది. రాత్రివేళ కాలినడకన బయలుదేరి, దారితప్పి, చావుతప్పి కన్ను లొట్టపోయి ఆవలి ఊరు చేరాడు. తెల్లవారగానే పారిస్‌కు తంతి కొట్టాడు, రోడ్డు భేషుగ్గా ఉందని! ఆ తంతిని నమ్మి జూలై 21న పందెగాళ్ళను ఈ కొండలమీదికి తోలారు. ఆనాటి మజిలీ 326 కిలోమీటర్లు. గెలిచిన లాపీజ్ ఆ దారిలోనే నిర్వాహకులను హంతకులని తిట్టాడని చెప్పుకుంటారు. అనడూ మరి!

ఇప్పుడు దారి గీసేవారు తంతిని నమ్మరు. అయితే వారికి వేరే లెక్కలున్నాయి. 2007లో టూర్ సారథ్యం చేపట్టిన ప్రూదొమ్ అంతకు పూర్వం టెలివిజన్ విలేఖరి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పందెం ముగింపు పారిస్ షాంజెలిజే వీధికి మారింది 1975లో. ఆ ఆలోచన మూరూజీ అనే టెలివిజన్ వార్తల ప్రయోక్తది. 2024 ఒలింపిక్సులో మోంమార్త్ర్ గుట్టమీద సైకిళ్ళనూ ఆ జనసముద్రాన్నీ తెరమీద చూసి ప్రపంచం మురిసింది. మరుసటేడు టూర్ చివరిరోజు దారిని ఆ గుట్టమీదుగా మూడుమార్లు తిప్పారు. కంటికి నదురుగా ఉన్నచోటికే దారి వంగుతోందన్నమాట.

ఏటా అక్టోబరులో పారిస్‌లో రాబోయే ఏటి దారిపటం విప్పుతారు. ఏ ఊరి పేరుందో, ఏ ఊరి పేరు లేదో అని దేశమంతా చెవులు నిక్కిస్తుంది. మజిలీ దక్కిన ఊరు డబ్బు కడుతుంది, గుంటలు పూడ్చుకుంటుంది, కిటికీలకు పూలకుండీలు కట్టుకుంటుంది. పెళ్ళివారు వస్తున్న ఇల్లే. 2025 అక్టోబరులో విప్పిన 2026 పటం ప్రకారం బయలుదేరడం స్పెయిను దేశపు బార్సెలోనాలో. చివరి శుక్ర, శనివారాల్లో వరుసగా రెండు రోజులు ఆల్ప్ దుయెజ్ శిఖరానికి ఎక్కుడు. 2,642 మీటర్ల గలిబియే కనుమను కూడా ఆ శనివారానికే దాచారు. ఇందులోని కిటుకు సీరియలు పాఠకులకు ఇట్టే తెలుస్తుంది. 2025లో పొగాచార్ పిరనీలలోనే నాలుగు నిమిషాల పైగా ముందుకు పోయి, కథ కంచికి వెళ్ళినట్లే చేశాడు. అందుకని అసలు ముడి చివరి ప్రకరణంలో విప్పాలని గీతగీసేవారి ఆరాటం. ఆరాటం మంచిదే గాని దానికొక హద్దుండాలి. తెరకు నిటారు కొండ కావాలి, ఇరుకు సందు కావాలి, ఉత్కంఠ కావాలి. ఆ సందులో పడేవాడు మాత్రం తెరమీది బొమ్మ కాదు, ఎముకలున్న మనిషి.

"మరి ఆడవాళ్ళ మాట అడగవేం మామయ్యా?" అన్నది అమ్మాయి కనుమ దిగుతూ. నిజమే. స్త్రీల టూర్ 1984లో మొదలై, ఆ దశాబ్దం చివర ఆగిపోయింది. తెరమీద కనబడనిదానికి డబ్బు పెట్టేవారు దొరకరు. డబ్బు లేనిదానిని తెరమీద చూపేవారుండరు. గుడ్డు ముందా పిల్ల ముందా అన్న ఈ చిక్కును 2022లో విప్పారు. టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారంతో సహా స్త్రీల టూర్ మళ్ళీ మొదలైంది. 2025లో ఫ్రాన్సు ఆడపడుచు పోలీన్ ఫెరాఁ ప్రెవో గెలిస్తే దేశమంతా పండుగ చేసుకుంది. తెర తలచుకుంటే దారి లేనిచోట దారి వేయగలదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనమేం కావాలి?

అయితే తెరకు తలుపులు కూడా ఉంటాయి. ఫ్రాన్సులో టూర్‌ను దేశప్రజలందరూ ఉచితంగా చూడదగ్గ ఉత్సవాల జాబితాలో 2004లోనే చట్టప్రకారం చేర్చారు. బ్రిటన్‌లో మాత్రం అందరికీ ఉచితంగా అందుతూ వచ్చిన ప్రసారం 2025తో ముగిసింది. 2026నుంచి హక్కులు చందా కట్టి చూసే ఛానలుకు పోయాయి. ఈ మాట చెబితే పెద్దావిడ నమ్మలేదు. రోడ్డుకు టిక్కెట్టేమిటని నవ్విన మనిషి గదా.

"ఇంట్లో ఇంత వివరంగా కనబడుతూ ఉంటే, ఆ ఎండలో కుర్చీ మోసుకుని వెళ్ళడమెందుకండీ?" అని ఆవిడను అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "మిగిలిన ఆటలన్నీ చూడాలంటే మనం వెళ్ళాలి. ఇది మా గుమ్మం ముందుకు వస్తుంది. వచ్చినవారిని పలకరించకపోతే ఎలా?" అన్నది.

ఆ మాట నాకు చాలా దూరం పోయింది. మన గుళ్ళలో మూలవిరాట్టు కదలడు. అందుకని ఉత్సవ విగ్రహం ఏర్పాటు చేశారు పెద్దలు. గుడిదాకా రాలేని ముసలివారికీ, పనిపాటలవారికీ వీధిలోకి వచ్చి దర్శనమిస్తాడు దేవుడు. టూర్ గొప్పతనమంతా ఆ వీధిలోనే ఉంది. టెలివిజన్ చేసిన మేలల్లా ఆ వీధిని పొడిగించి మన ఇంటిదాకా తీసుకురావడం. పత్రికలవారు ఒకనాడు తమ బేరం పోతుందని ఆ వీధికి అడ్డం నిలిచారు. ఈనాడు హక్కులు కొన్నవారు అక్కడే గేటు పెట్టి డబ్బులు వసూలు చేస్తున్నారు. వీధికి గేటు పెడితే ఊరేగింపు ఎవరికోసం?

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. జూలైలో వెళ్ళండి. అక్టోబరులో దారి ప్రకటించగానే బస కుదుర్చుకోండి. ఆలస్యమైతే మజిలీ ఊళ్ళలో గది దొరకదు. కనుమ మీద చూడాలంటే ముందురోజే చేరుకోవాలి, పందెంవేళకు రోడ్లు మూసేస్తారు. కొండమీద ఎండా, వానా, చలీ ఒకేరోజున వస్తాయి గనుక గొడుగూ శాలువా మరువకండి. ఒకరోజు రోడ్డుమీద చూడండి, మరొకరోజు ఏ ఫ్రెంచి ఇంట్లోనో తెరమీద చూడండి. తెరమీద పందెమంతా కనబడుతుంది. దారిపక్కన కనబడేది కొద్దే. కాని ఆ కొద్దిసేపూ మీరు కూడా పందెంలో ఉంటారు.